గుర్రం మీద ఏ బట్ట? జీను కిందా, జీను మీదా, ఒంటినిండానా?

పోయిన దసరాకు ముందు ఒక నాటక సమాజం కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, రాయలవారి ఊరేగింపు దృశ్యం ఉంది. నిజం గుర్రాన్నే తెస్తున్నాం. దాని మీదకు మంచి బట్ట కుట్టించాలి. నమూనా పంపాను, ఒక్కసారి చూడు" అన్నాడు. చూశాను. మూతి నుంచి గిట్టల దాకా నీలిబట్ట కప్పుకున్న గుర్రం. కళ్ళ దగ్గర మాత్రం రెండు కన్నాలు. మీద ఇనుప టోపీ పెట్టుకున్న పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండు నైటు. ఆ గుర్రం హంపీ బజారులోకి వచ్చి ఉంటే రాయలవారు ముందు పోర్చుగీసు దుబాసీకి కబురు పెట్టేవారు.

కుర్రాడి తప్పేమీ లేదు. పాతకాలపు గుర్రపు బట్ట అని వెతికితే సైబీరియా సమాధుల్లో దొరికినదీ, మొగల్ చిత్రాల్లోదీ, నెపోలియన్ సైన్యానిదీ, పెళ్ళి ఊరేగింపుదీ ఒకే కుప్పగా వచ్చి పడతాయి. అన్నీ అందంగానే ఉంటాయి. రంగు నచ్చిందని ఒకటి ఏరుకుంటాం, అక్కడే దారి తప్పుతాం.

నాటకాలకూ ఊరేగింపులకూ బట్టలు కుట్టించే పనిలో ఉన్నాను కాబట్టి నా దగ్గరకు ఈ ప్రశ్న ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది. నేను ముందుగా అడిగేది రంగు కాదు, జరీ కాదు. ఆ బట్ట ఎక్కడ కూర్చుంటుంది? జీను కిందా, జీను మీదా, లేక గుర్రం ఒంటినిండానా? కింద ఉండే బట్ట చెమట పీల్చాలి. మీద ఉండేది జీనును కాపాడాలి, యజమాని దర్జా చూపాలి. ఒంటినిండా ఉండేది జెండా అయినా కావాలి, కవచమైనా కావాలి. ఈ మూడు పనులనూ ఒకే బట్టతో చేయిద్దామనుకుంటే ఏ పనీ సరిగ్గా జరగదు.

జీను కింద: నమ్దా, కంబళి

చూసేవాళ్ళకు కనిపించనిదీ, గుర్రానికి అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. జీను ఎంత ఖరీదైనదైనా అది చెక్కా తోలూ కలిసిన గట్టి వస్తువు. దానికీ వెన్నుకూ మధ్య మెత్తనిదేదో లేకపోతే మూపు దగ్గర పుండు పడుతుంది. పుండు పడ్డ గుర్రం నెలరోజులు పనికిరాదు.

ఈ పనికి వేల ఏళ్ళుగా వాడుతున్నది నమ్దా. ఇది నేత బట్ట కాదు. ఉన్నిని పరిచి, నీళ్ళూ సబ్బూ చల్లి, చుట్టి, దొర్లించి, అణిచి చేస్తారు. పడుగూ పేకా ఉండవు కాబట్టి ఎక్కడా గీత కట్టదు, కత్తిరించిన అంచు పోగులు ఊడదు, చెమటను తనలోకి లాగేసుకుంటుంది. రాజస్థాన్‌లోని టోంక్, కశ్మీరు ఈ పనికి ఇప్పటికీ పేరున్న చోట్లు. ఆల్తాయ్ పర్వతాల్లో పజిరిక్ దగ్గర మంచులో గడ్డకట్టిన సమాధులను రష్యా పురావస్తు శాస్త్రజ్ఞుడు రుదెంకో 1929లోనూ, మళ్ళీ 1947-49లోనూ తవ్వించినప్పుడు యజమానులతోపాటు పాతిపెట్టిన గుర్రాలు బయటపడ్డాయి. వాటితో నమ్దా జీనుకప్పులూ దొరికాయి. ఇంచుమించు 2,300 ఏళ్ళ కిందటివి. మేకల మీద పడే గద్దమూతి మృగాలను రంగు నమ్దాలో కత్తిరించి, అతికి కుట్టారు. చూడాలంటే సెంట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటాజ్ మ్యూజియానికి వెళ్ళాలి. నమ్దా ఎంత మన్నుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ మెత్తదనాన్ని మరీ ఎక్కువ చేసుకున్నవాళ్ళను వెక్కిరించినవాడూ ఉన్నాడు. పర్షియావాళ్ళు పడకల మీద కంటే గుర్రాల మీదే ఎక్కువ దుప్పట్లు పరుస్తారని గ్రీకు సేనాని జెనోఫోన్ దెప్పాడు. మెత్తగా కూర్చోవాలన్న యావే తప్ప గట్టిగా స్వారీ చేయాలన్న ధ్యాస లేదని ఆయన బాధ. మన రౌతు సామెత ఆయనకు తెలిసి ఉంటే వాడుకునేవాడు: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందట.

మన నమ్దా ఇంగ్లీషువాళ్ళ నోట పడి "నమ్నా" అయింది. ఈనాటికీ ఇంగ్లండులో గుర్రపుశాలకు వెళ్తే జీను కింది మెత్తను ఆ పేరుతో పిలవడం వినిపిస్తుంది. బ్రిటిష్ కాలపు రిసాలాలు (గుర్రపు దళాలు) జీను కింద నమ్దా గానీ, మడతపెట్టిన కంబళి గానీ వేసేవి. కంబళికి ఒక సౌకర్యం ఉంది. పగలు గుర్రానికి, రాత్రి మనిషికి.

దగ్గర్లో నమ్దా దొరక్కపోతే గొంగడి పనికొస్తుందా అని తెలంగాణ మిత్రులు అడుగుతుంటారు. వస్తుంది, కానీ ఒక చిక్కుంది. కొత్త గొంగడికి చింతగింజల గంజి పట్టి ఉంటుంది, అట్టలా నిలబడుతుంది. అలాగే మడిచి జీను కింద వేస్తే ఒరిపిడికి గుర్రం చర్మం లేస్తుంది. రెండు మూడుసార్లు నానబెట్టి ఉతికి, గంజి పోయి ఒడిలిపోయాక వాడాలి. పాత గొంగడే దొరికితే ఇంకా మంచిది.

వేసే పద్ధతి తెలియకపోతే ఎంత మంచి నమ్దా అయినా దండగ. మూపు మీదకు కాస్త ముందుకు పెట్టి, అక్కడి నుంచి వెనక్కి జరపాలి. అప్పుడు కింద వెంట్రుకలు తమ వాలులోనే పడుకుంటాయి. ముందుకు జరిపితే ఎదురు లేస్తాయి. జీను పెట్టాక, పొట్టపట్టీ బిగించకముందే బట్టను మధ్యలో వేలితో పైకెత్తి జీను సందులోకి తోయాలి. మూపు ఎముక మీద బట్ట బిగుసుకుని ఉండకూడదు. గంట స్వారీ తర్వాత జీను తీసి నమ్దాను తిరగేసి చూడండి. వెన్నుకు అటూ ఇటూ రెండు చెమట మరకలు సమానంగా, మధ్యలో పొడి దారి ఉంటే అంతా బాగున్నట్టు. ఒక మరకలో అరచేయంత పొడి చోటు కనబడితే అక్కడే ఒత్తిడి పడుతోందని అర్థం. నాకు పని నేర్పిన సాహీసు (గుర్రాలను చూసుకునేవాడు) గుర్రాన్ని చూసేవాడు కాదు, ముందు ఈ మరకను చూసేవాడు.

జీను మీద: జీన్‌పోష్

"పోష్" అంటే పారసీకంలో కప్పేది. చలికాలంలో కప్పుకునే బాలాపోషు మనకు కొత్త కాదు. మంచం మీద పరిచే పలంగ్‌పోష్‌లను మచిలీపట్నం చుట్టుపక్కల కలంకారీ పనివాళ్ళు అద్ది ఓడలకెక్కించేవారు, ఇంగ్లీషువాళ్ళు దాన్నే పాలంపోర్ అన్నారు. జీను కూడా పారసీక మాటే. కాబట్టి జీన్‌పోష్ తెలుగు చెవికి పరాయిదిగా వినిపించదు.

జీనుకు ఎండా దుమ్మూ తగలకుండా కాపాడడం దీని మొదటి పని. గుర్రాన్ని ఊరికే నడిపించుకు వెళ్ళేటప్పుడు జీనును మొత్తంగా కప్పేస్తుంది. పాదుషాల ఆస్థానంలో ఒకరిని సత్కరించాలంటే ఉత్త గుర్రాన్ని ఇచ్చేవారు కాదు, జీనూ సాజుతో సహా ఇచ్చేవారు. అలాంటప్పుడు నలుగురి కళ్ళూ ముందుగా పడేది దీని మీదే. అందుకే ముఖమల్, కింఖాబు (జరీ కలిపి నేసిన పట్టు), జరీ పని అంతా ఇక్కడికి చేరాయి. మొగల్ చిత్రాల్లో గుర్రాలను పరిశీలనగా చూడండి. కాళ్ళ కింది భాగానికీ తోకకూ గోరింట ఎరుపు, మెడ కింద చామరపు కుచ్చు, వీపు మీద పువ్వుల జీన్‌పోష్. ఈ మూడూ ఒక జట్టు. నాటకంలో మొగల్ సర్దారు గుర్రం కావాలంటే బట్ట ఒక్కటీ కుట్టించి ఊరుకోకండి. కుచ్చు కట్టి గోరింట పెడితే సగం ఖర్చుతో రెట్టింపు మొగల్ కళ వస్తుంది.

ఇరాన్‌లో కాస్పియన్ తీరాన రష్త్ అనే ఊరుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడివాళ్ళు సకలాతి (దళసరి ఉన్నిగుడ్డ) ముక్కలను చిలుకలుగా, పువ్వులుగా కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి పొదిగి, కీళ్ళ మీద పట్టుదారంతో గొలుసుకుట్టు వేసేవారు. అలా చేసిన జీన్‌పోష్‌లు యూరప్ మ్యూజియాల్లో చాలా ఉన్నాయి. నాకు ఈ రకమే ఎక్కువ ఇష్టం. జరీ ఎండకు మిరుమిట్లు కొలిపి కన్నును తోసేస్తుంది. సకలాతి రంగును దాచుకుని చూపిస్తుంది.

అసలు జీన్‌పోష్‌ను గుర్తుపట్టడం తేలిక. ముందువైపు జీను కొమ్ము బయటికి రావడానికి ఒక కన్నం గానీ, చీలిక గానీ ఉంటుంది. ఆ చీలిక అంచు ఎప్పుడూ రాసుకుంటుంది కాబట్టి తోలు గానీ దళసరి పట్టీ గానీ వేసి కుడతారు. కొత్తగా కుట్టించేటప్పుడు మన దర్జీలు మరిచిపోయేది దీన్నే. చీలిక లేకుండా దీర్ఘచతురస్రం కుట్టి ఇస్తారు. అది కొమ్ము మీద గుడారంలా లేచి నిలబడి, పది అడుగులు వేసేసరికి ఒక పక్కకు జారుతుంది.

ఇప్పుడు మన రాయలవారి దగ్గరకు వద్దాం. విజయనగరం ఏటా హోర్ముజ్ గుర్రాలనూ, దేశవాళీ గుర్రాలనూ కలిపి 13,000 కొనేదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంతకుముందు, 1520 ప్రాంతంలో మహానవమి పండుగ చూసిన మరో పోర్చుగీసువాడు డొమింగో పేస్ గుర్రాల అలంకారాన్నే వర్ణించాడు. నొసటి మీద వెండి పలకలు, వాటిలో ఎక్కువ బంగారుపూత వేసినవి. రంగురంగుల పట్టుదారాలు పేనిన కుచ్చులు. పగ్గాలు కూడా అదే పట్టువి. కొన్నిటి మీద రంగురంగుల మక్కా ముఖమల్, కొన్నిటి మీద ఇతర పట్టుబట్టలు, మరికొన్నిటి మీద చైనా, పర్షియా కింఖాబు. కొన్ని గుర్రాల నొసట పాముల తలలు, పెద్ద జంతువుల తలలు కూడా ఉన్నాయట.

ఇది చదివాక నైటు నమూనా ఎందుకు పనికిరాదో నేను వేరే చెప్పక్కర్లేదు. అక్కడ గుర్రం ముఖాన్ని బట్టతో కప్పేశారు. ఇక్కడ ముఖమే సింహాసనం, అసలు డబ్బంతా నొసటి పలక మీద పోశారు. కుర్రాడికి నేను చెప్పిందిదే. పలక చేయించు. పట్టుకుచ్చులు కట్టు. బట్ట పూలపట్టుదిగా, పొట్ట దాకా దిగేలా, ముఖం వదిలేసి కుట్టించు. మీ దగ్గర ఉన్న డబ్బులో సగం పలకకే పెట్టు. అతను ఇత్తడి పని చేసే ఆయన్ని పట్టుకుని రేకుతో చేయించాడు. దూరం నుంచి చూస్తే బంగారమే.

మూలలు తిరిగినది: షబ్రాక్

తుర్కుల "చాప్రాక్" హంగరీ మీదుగా జర్మన్లకు, ఫ్రెంచివాళ్ళకు చేరి షబ్రాక్ అయింది. తుర్కులు వదిలి వెళ్ళిన జీను సామాను యుద్ధపు దోపిడిగా జర్మన్ రాజుల భాండాగారాల్లోకి చేరింది. కార్ల్స్‌రూయెలో, డ్రెస్డెన్‌లో ఇప్పటికీ ప్రదర్శనకు ఉంది. యూరప్ హుసార్లు, అంటే తేలిక గుర్రపుదళాలవాళ్ళు, ఈ బట్టను చూసి ముచ్చటపడి తమదిగా చేసుకున్నారు.

వెనక మూలలు రెండూ కోసుగా సాగి ఉంటే అది షబ్రాక్. మూలల్లో రాజుగారి పేరులోని అక్షరాలు, పైన కిరీటం. హుసార్లు దీన్ని జీను మీద, పిస్తోళ్ళ మీద, చుట్టిన అంగీ మీద అన్నిటినీ కప్పేలా వేసి, దాని మీదుగా ఒక పట్టీ బిగించి, ఆపైన కూర్చునేవారు. వాళ్ళ జీను ఉత్త చెక్క. అందుకే కూర్చునే చోట గొర్రెచర్మం. అధికారులైతే చిరుతపులి చర్మం. దండయాత్రలో ఆ తోకల్లాంటి మూలలకు బురద అంటకుండా పైకి మడిచి తగిలించేవారు. ఇంత పనితనమూ చివరికి మడతలో దాగేది. యుద్ధానికీ ముస్తాబుకూ ఎప్పుడూ పడదు.

జీన్‌పోష్‌కూ షబ్రాక్‌కూ చుట్టరికం ఉంది, పని కూడా దాదాపు ఒకటే. తేడా స్వభావంలో. జీన్‌పోష్ ఒక మనిషి సంపదను చూపిస్తుంది, ఏ రెండూ ఒకేలా ఉండవు. షబ్రాక్ ఒక దళాన్ని చూపిస్తుంది, వంద గుర్రాల మీద వందా ఒకేలా ఉండాలి. పాఠశాల కవాతుకో, బ్యాండు మేళం ముందు నడిచే నాలుగు గుర్రాలకో ఒకే రకం కావాలంటే కళ్ళు మూసుకుని దీన్నే తీసుకోవచ్చు. కుట్టడం తేలిక, సకలాతికి బదులు దళసరి కోటు గుడ్డ సరిపోతుంది, అంచుకు వెడల్పు జరీ పట్టీ చాలు. లండన్‌లో రాజుగారి అంగరక్షక దళాలను చూస్తే ఈ సంప్రదాయపు ఆనవాలు ఇప్పటికీ కనిపిస్తుంది. లైఫ్ గార్డ్స్ గుర్రాల మీద తెల్ల గొర్రెచర్మం, బ్లూస్ అండ్ రాయల్స్ మీద నల్లది.

పూర్వకాలపు తెలుగు రాజుల కథలో మాత్రం షబ్రాక్‌కు చోటు లేదు. నిజాం కాలపు రిసాలా దృశ్యమైతే ఆలోచించవచ్చు.

ఒంటినిండా: నైటు గుర్రపు నిలువు కప్పు

అందరూ మోజుపడేది దీని మీదే. ఇంగ్లీషులో కేపరిజన్ అంటారు. పన్నెండో శతాబ్దం చివర యూరప్‌లో కనిపించడం మొదలైంది. ఇనుప టోపీలో మనిషి ముఖం మాయమయ్యాక ఎవరు ఎవరో తెలియాలంటే వంశచిహ్నం కావాలి. ఆ చిహ్నాన్ని డాలు మీద వేస్తే చిన్నదవుతుంది, గుర్రం మీద వేస్తే మైదానం అంతటికీ కనబడుతుంది. అంటే ఇది నాలుగు కాళ్ళ మీద పరిగెత్తే జెండా.

1325-1340 మధ్య తయారైన లట్రెల్ కీర్తనల గ్రంథంలో సర్ జెఫ్రీ లట్రెల్ గుర్రమెక్కి ఉన్న బొమ్మ ఉంది. నీలిరంగు మీద కాళ్ళు లేని తెల్ల పిట్టలు. గుర్రపు కప్పు మీద అవే, డాలు మీద అవే, జీను మీద అవే, పక్కన నిలబడి శిరస్త్రాణం అందిస్తున్న భార్య గౌను మీద కూడా అవే. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1511లో కొడుకు పుట్టాడని వెస్ట్‌మినిస్టర్‌లో జరిపిన పోటీల చిత్రపటం దాదాపు పద్దెనిమిది మీటర్ల పొడవుంటుంది. అందులో రాజుగారి గుర్రపు కప్పు నిండా కే అక్షరం. భార్య కేథరిన్ పేరు. ఆ రాజు తర్వాత ఆమెను వదిలేసిన సంగతి తెలిసినవాళ్ళకు ఆ గుర్రాన్ని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇవి దాదాపు ఏవీ మిగల్లేదు, బట్ట కదా. మిగిలిన ఒకటి వింతగా మిగిలింది. ఎర్ర ముఖమల్ మీద బంగారు దారంతో ఇంగ్లండు చిరుతపులులు కుట్టిన గుర్రపు కప్పు ఒకటి 1330-40 ప్రాంతంలో తయారై, ఎలాగో జర్మనీలోని ఒక మఠానికి చేరింది. అక్కడ దాన్ని కత్తిరించి పూజారి వస్త్రంగా కుట్టారు. గుర్రం మీద నుంచి గుడిలోకి వెళ్ళింది కాబట్టి బతికింది. ఇప్పుడు పారిస్‌లోని క్లూనీ మ్యూజియంలో ఉంది.

ఇంత కథ చెప్పీ, దీన్ని కుట్టించవద్దనే నా సలహా. ముఖ్యంగా నిజం గుర్రం మీదకు. గుర్రం తన వేడిని ఎక్కువగా చెమటతోనే పోగొట్టుకుంటుంది. చలిదేశపు ముస్తాబును మన ఎండలో వేస్తే దాని కష్టం చూడలేం. ఆ పాఠం నేను ఉత్తినే నేర్చుకోలేదు. ఒక కళాశాల ఉత్సవానికి సింథటిక్ ముఖమల్‌తో నిలువు కప్పు కుట్టించాను. అంచు గిట్టల దాకా ఉంటేనే బొమ్మలోలా ఉంటుందని పట్టుబట్టింది నేనే. ఊరేగింపు పది గంటలకన్నారు, పన్నెండున్నరకు బయలుదేరింది. నాలుగో మలుపు దగ్గర గుర్రం తన ముందుకాలితో తన బట్టనే తొక్కింది. చీలమండల దాకా దిగిన బట్ట బిగుసుకునేసరికి బెదిరి పక్కకు దూకింది. కుట్టు పర్రున చిరిగింది కాబట్టి సరిపోయింది, చిరగకపోతే గుర్రం మోకాళ్ళ మీద పడేది. బట్ట తీసేసరికి దాని వీపు నుంచి ఆవిరి లేస్తోంది.

అయినా తప్పదంటారా, ఈ మాటలు దర్జీకి చెప్పండి. కప్పును జీను దగ్గర విడిపోయేలా ముందు ముక్క, వెనక ముక్కగా కుట్టాలి. పాత చిత్రాల్లోనూ అలాగే ఉంటుంది. ముందు ముక్క రొమ్ము దగ్గర తెరిచి ఉండాలి, లేకపోతే కాలు చాపలేదు. అంచు మోకాలు దాటి నాలుగు వేళ్ళ కంటే దిగకూడదు. ముడులు గట్టివి వద్దు, గుంజితే ఊడిపోయే నాడాలు పెట్టాలి. తోకకు వదులుగా సందు వదలాలి. అస్తరుతో సహా నూలుబట్టే వాడాలి. మధ్యరకం గుర్రానికి మామూలు పన్నా బట్ట పన్నెండు పద్నాలుగు మీటర్లు పడుతుంది, అస్తరు వేరే. తల ముసుగు మాత్రం నేను ఎవరికీ కుట్టి ఇవ్వను. అలవాటు లేని గుర్రానికి ఒక్కసారిగా చూపు తగ్గిస్తే ఏం చేస్తుందో దాని యజమానికే తెలియదు.

చెక్క గుర్రానికో, ప్రదర్శనలో నిలబెట్టే బొమ్మకో అయితే ఈ భయాలేవీ లేవు. అక్కడ దీన్ని మించినది లేదు.

బొంత కవచం: పక్కెర

పాత తెలుగులో పక్కెర అనే మాట ఉంది, గుర్రానికి తొడిగే జోడు. హిందీలో పాఖర్ అదే. ఇనుప పలకలూ గొలుసులూ ఉన్నది సినిమాల్లో చూస్తాం కానీ, దాని కింద ఎప్పుడూ ఒక బొంత ఉంటుంది. అక్బరు ఆయుధశాల జాబితా రాసిన అబుల్ ఫజల్ గుర్రపు వీపు కవచానికి ఒక పేరు, దాని కింద పరిచే బొంతకు మరో పేరు, మెడకూ తలకూ వేర్వేరు పేర్లు చెప్పాడు. ఇనుము నేరుగా ఒంటికి తగలకూడదు.

ఇనుమే లేకుండా ఉత్త బొంతతోనే యుద్ధం చేసినవాళ్ళు ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్నారు. సూడాన్‌లో, నైజీరియా ఉత్తరాన పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా గుర్రాలకు నూలు బొంతలు తొడిగేవారు. లోపల తెల్లబూరుగు దూది. మన తలగడల్లో కూరేదే! రంగురంగుల చదరాలు, త్రికోణాలు కలిపి కుట్టిన ఆ బొంత ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. హౌసా భాషలో దీన్ని లిఫిది అంటారు. కానో నగరంలో ఈద్ వేడుకలకు జరిగే ఊరేగింపులో గుర్రాలను ఈనాటికీ ఘనంగా అలంకరిస్తారు, ఆ వేడుకను దర్బార్ అనే పిలుస్తారు.

యుద్ధ దృశ్యానికి తక్కువ ఖర్చులో ఏది బాగుంటుందంటే నేను బొంతకే ఓటేస్తాను. ఇనుప పలకల్లా కనబడాలని ప్లాస్టిక్ రేకులు అతికించిన కవచాలు దగ్గరి నుంచి చూస్తే వంటింటి సామానులా ఉంటాయి. బొంత మాత్రం బొంతలాగే ఉంటుంది, అబద్ధం చెప్పదు. కాకపోతే బరువు. తొడిగి పది నిమిషాల్లో దృశ్యం ముగించి తీసేయండి.

ఎవరికి ఏది

పెళ్ళికొడుకు గుర్రం అడిగేవాళ్ళే ఎక్కువ కాబట్టి వాళ్ళ సంగతి ముందు. అద్దెకు వచ్చే గుర్రంతోపాటు వచ్చే జరీ ముఖమల్ బట్ట జీన్‌పోష్‌కు దూరపు మనవరాలు. కొత్తది కుట్టించనక్కర్లేదు. ఉన్నదాన్ని ఎత్తి, కింద నమ్దా ఉందో లేదో చూడండి. తొంభై పాళ్ళు ప్లాస్టిక్ గోనె ముక్క ఉంటుంది. రెండు మడతల కంబళి మీరే తీసుకెళ్ళండి. బరాతు రెండు గంటలు ఆగి ఆగి సాగుతుంది, మోసేది గుర్రమే కదా.

కథకు బొమ్మలు వేసేవాళ్ళు కాలాన్ని మొదట తేల్చుకోవాలి. ఒకే పేజీలో విజయనగరపు నొసటి పలకనూ, షబ్రాక్ కోసు మూలనూ కలిపి గీస్తే తెలిసినవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది.

ఇక పాతదాన్ని కొని గోడకు తగిలించుకునేవాళ్ళు. జరీ జీన్‌పోష్‌ల కంటే టిబెట్, నింగ్‌షియా జీను తివాచీలు మన తేమకు బాగా నిలుస్తాయి, జరీలా నల్లబడవు. టిబెట్‌వి జంటగా ఉంటాయి, జీను కింద పెద్దది, మీద చిన్నది. జంట విడిపోతే విలువ తగ్గుతుంది. చైనా నింగ్‌షియావి రెండు సగాలుగా నేసి మధ్యలో కలిపి కుడతారు. తివాచీ నూగు ఒకే వైపుకు వాలుతుంది కదా, ఒకే ముక్కగా నేస్తే ఒక పక్క కిందికీ మరో పక్క పైకీ తిరిగి దుమ్మంతా పట్టుకుంటుంది. అందుకే రెండు సగాలు, రెండు పక్కలా నూగు నేల చూస్తుంది. అరచేత్తో నడుమ నుంచి రెండు వైపులా నిమిరి చూడండి. రెండు వైపులా చెయ్యి నున్నగా జారాలి. ఒకవైపు గరుకు తగిలితే అది మామూలు తివాచీని కత్తిరించి తయారుచేసిన ముక్క. అంచు పట్టీ కూడా జీను ఆకారం వెంట వంపు తిరిగి నేసి ఉండాలి, మధ్యలో తెగిపోకూడదు. వంద ఏళ్ళు దాటినది ఏదైనా 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. అమెరికాలో ఉన్న అల్లుడికి పెట్టెలో సర్ది పంపేద్దామంటే కుదరదు.

చివరగా తిరగేయండి. పట్టీలు దూర్చడానికి కన్నాలుంటాయి, వాటి అంచుకు తోలు కుట్టి ఉంటుంది. ఆ తోలు ఒక పక్కకే అరిగి ఉందా? వెనకవైపు వెన్నుకు అటూ ఇటూ రెండు నల్లటి మరకలున్నాయా? ముక్కు దగ్గర పెట్టుకోండి. ఎన్ని ఏళ్ళు ఎండలో వేసినా పోని గుర్రపు చెమట వాసన కొంచెమైనా తగిలితే బేరం మొదలుపెట్టండి.